కాగితం మూల ఒక ప్రశ్న: నలుగురూ కలిసి బొమ్మలు నేర్చుకునే పద్ధతి

రోజూ గీస్తున్నా బొమ్మ ఎక్కడిదక్కడే ఉండిపోతోందంటే లోపం చాలాసార్లు చేతిలో ఉండదు. ఆ కాగితం మీద ఏం నేర్చుకోవాలని కూర్చున్నామో మనకే తెలియకపోవడంలో ఉంటుంది. కొబ్బరి చెట్టు వేశారు. అది కుదరలేదు. ఎందుకు కుదరలేదో తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. చూపించిన ప్రతివాళ్లూ "చాలా బాగుందండీ" అంటారు. గోదావరి జిల్లాల్లో మర్యాద పాలు ఎక్కువ, ఎదురుగా కూర్చోబెట్టుకుని బాగాలేదని ఎవరూ అనరు. భోజనాల దగ్గర అది ముచ్చటే, బొమ్మ దగ్గర మాత్రం నష్టం.

ఈ పద్ధతి అంతా ఒక్క అలవాటు మీద నడుస్తుంది. గీత మొదలుపెట్టే ముందు కాగితం పైమూల ఒక ప్రశ్న రాయండి. అవతలివాళ్లు బొమ్మ చూసి అవునో కాదో చెప్పగలిగేదై ఉండాలి. "బిందె మూతినీ అడుగునూ ఒకే చోటు నుంచి చూసినట్టు ఉందా?" పనికొచ్చే ప్రశ్న. "పడవలో కూర్చున్న మనిషి బరువు ఎటు వాలిందో తెలుస్తోందా?" ఇదీ పనికొస్తుంది. "అందంగా వచ్చిందా?" దేనికీ కొరగాదు. కింద చెప్పే అభ్యాసాలు ఇలాంటి ప్రశ్నలు పుట్టించడానికి, వారానికోసారి కూడే బృందం వాటికి జవాబులు చెప్పడానికి.

సామాను, చెమ్మ

హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు ఒక్కోటి (బీ ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తగా, నల్లగా గీస్తుంది), నీలమో నలుపో బాల్ పెన్ను, 75 జీఎస్ఎం జెరాక్స్ కాగితం ఒక రీము, పరీక్షలకు వాడే అట్ట, రెండు క్లిప్పులు, మెత్తని రబ్బరు, నాలుగైదు షీట్లు బటర్ పేపర్ (కింది బొమ్మ కనిపించే పల్చటి కాగితం). స్కేలు గీయడానికి కాదు, గీశాక సరిచూసుకోవడానికి. షేడింగు దాకా వచ్చాక 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితం పది షీట్లు కొనుక్కుంటే చాలు. ఖరీదైన స్కెచ్ పుస్తకం మొదట్లోనే కొనకండి. పాడవుతుందన్న భయంతో మనిషి చిన్నచిన్నగా, జాగ్రత్తగా గీస్తాడు. ఈ దశలో కావలసింది పెద్దగా, ఎక్కువగా గీయడం.

పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కండి, ములుకు సెంటీమీటరు దాకా బయటికి ఉండేలా. షార్పనర్ ఇచ్చే పొట్టి ములుకుతో పెన్సిల్‌ను పక్కకి వాల్చి వెడల్పుగా నలుపు పూయలేరు.

డెల్టాలో కాగితానికి శత్రువు చెమ్మ. ముసురు పట్టిన రోజుల్లో గోడ బీరువాలో పెట్టిన కాగితం మెత్తబడుతుంది. దాని మీద హెచ్‌బీ నొక్కితే గాడి పడుతుంది, 6బీ మచ్చలు మచ్చలుగా అంటుతుంది, రబ్బరు పెడితే పీచు లేస్తుంది. రీమును పాలిథిన్ సంచిలో చుట్టి, గోడకు ఆనకుండా స్టీలు పెట్టెలో పెట్టండి. ఏ రోజుకు కావలసిన కాగితాలు ఆ రోజే పైకి తీయండి. ఎండాకాలంలో బాధ ఇంకోటి: అరచేతి చెమట తగిలిన చోట పెన్సిల్ సరిగా పట్టదు. చేతి కింద ఎప్పుడూ ఒక చిత్తు కాగితం ఉండాలి.

మొదటి మెట్టు: గీత

రోజూ పది నిమిషాలు, బాల్ పెన్నుతోనే. పెన్సిలైతే తప్పు గీత మీద ఇంకో గీత, దాని మీద మరొకటి వేసి సర్దేస్తాం. పెన్ను ఆ వెసులుబాటు ఇవ్వదు.

పది పన్నెండు సెంటీమీటర్ల ఎడంలో రెండు చుక్కలు పెట్టండి. పెన్ను కాగితానికి తగలకుండా ఒక చుక్క నుంచి రెండో దాని దాకా రెండుసార్లు గాలిలో చేయి ఆడించండి. మూడోసారి ఆగకుండా గీయండి. చేయి భుజం నుంచి కదలాలి, మణికట్టు నుంచి కాదు. కన్ను పెన్ను మొన మీద కాకుండా చేరాల్సిన చుక్క మీద ఉండాలి. చుక్కల ముగ్గు వేసే చేతిని గమనించండి: పిండి జారుతున్న చోటుని కాదు, తర్వాతి చుక్కని చూస్తుంది. ముగ్గు చేయి తిరిగినవాళ్లకు ఈ అభ్యాసం వారంలోనే పట్టుబడుతుంది.

గీత వణికిందంటే నెమ్మదిగా లాగారని. విల్లులా వంగిందంటే మోచేయి ఒకచోట ఆని తిరిగిందని. చుక్క దాటి పోయిందంటే వేగం ఎక్కువైందని. ఈ మూడింటిలో మూడోది మంచి తప్పు, తేలిగ్గా పోతుంది. మొదటిది భయం వల్ల వచ్చేది కాబట్టి మొండిది. వణికే గీత కన్నా గురి తప్పినా సూటిగా వెళ్లిన గీతే మేలు. కాగితాన్ని మీకు వీలైన వైపుకి తిప్పుకోవడం తప్పేమీ కాదు. ఒక వైపు సూటి గీతలతో నింపి, రెండో వైపు వంపులు, సున్నాలు వేయండి.

రెండో మెట్టు: బిందె, కొబ్బరి బోదె

గుండ్రటి మూతి ఉన్న వస్తువేదైనా పక్క నుంచి చూస్తే అణిగిన సున్నాలా కనిపిస్తుంది. దాన్ని ఎలిప్స్ అందాం. కొత్తగా నేర్చుకునేవాళ్ల బొమ్మల్లో సగం తప్పులు ఇక్కడే ఉంటాయి.

ఇత్తడి బిందెను నేల మీద పెట్టి, మీరు కుర్చీలో కూర్చోండి. మూతి ఎలిప్స్ ఎంత విచ్చుకుందో చూడండి. అడుగు కంటికి ఇంకా కిందికి ఉంది కాబట్టి అది మూతి కన్నా ఎక్కువ గుండ్రంగా రావాలి. దాదాపు అందరూ దీనికి తిరగేసి గీస్తారు: మూతి బాగా గుండ్రంగా, అడుగు స్కేలు పెట్టినట్టు సూటిగా. బిందె నేల మీద ఆనుతుంది, నేల చదునుగా ఉంటుంది, కాబట్టి అడుగూ చదునుగా ఉండాలని బుద్ధి చెబుతుంది. ఆ మాట వినకండి. రెండో తప్పు, ఎలిప్స్ రెండు కొసలూ బాదం గింజలా మొన తేలడం. ఎంత అణిగినా ఎలిప్స్‌కు మూలలు ఉండవు, కొసన కూడా గీత తిరగాల్సిందే. చెయ్యి ఆపకుండా అదే దారిలో రెండు చుట్లు తిప్పితే ఈ మొన పోతుంది. బిందె నడుమ నిలువుగా ఒక సన్న గీత గీసుకుని, ప్రతి ఎలిప్స్ పొడుగు గీత దానికి అడ్డంగా లంబంగా ఉందో లేదో చూసుకోండి. నిలబెట్టిన బిందె వాలినట్టు కనిపిస్తే కారణం ఇక్కడే దొరుకుతుంది.

ఇదే పాఠం నిలువునా రాసిపెట్టినట్టు మన పెరట్లోనే ఉంది. కొబ్బరి బోదె మీద మట్టలు రాలిన చోట్ల వలయాలు పడతాయి. చెట్టుకి పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. మీ కంటి ఎత్తున ఉన్న వలయం సూటి అడ్డగీతలా ఉంటుంది. దానికి పైనున్నవి నడుమ పైకి లేచి కమానులా వంగుతాయి, పైకి పోయేకొద్దీ ఆ వంపు పెరుగుతుంది. కింద ఉన్నవి నడుమ కిందికి జారి ఉయ్యాలలా వంగుతాయి. ఒక కాగితం మీద బోదె మాత్రమే వేయండి, తల వద్దు. పదిహేను వలయాలు చాలు. కాగితం మూల ప్రశ్న: "నేను ఎంత ఎత్తు నుంచి చూశానో వలయాలను బట్టి చెప్పగలరా?" బృందంలో అందరూ ఒకే చోట వేలు పెడితే అభ్యాసం పూర్తయినట్టే. ఒక్కొక్కరు ఒక్కోచోట పెడితే మళ్లీ వేయాలి.

మూడో మెట్టు: కంటి మట్టం

పర్‌స్పెక్టివ్ (దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించే తీరు) అంటే చాలామంది స్కేలు తీస్తారు. స్కేలుకు ముందు కంటి మట్టం అర్థం కావాలి, అందుకు డెల్టా కన్నా మంచి బడి ఉండదు. కొండలు అడ్డు రాని చదును నేల ఇది. దూరాన నేల, ఆకాశం కలిసే గీత, అంటే దిగంతం, మీ కంటి ఎత్తునే ఉంటుంది.

చేలో నిలబడి చూస్తే, దగ్గరున్న మనిషైనా ఫర్లాంగు దూరాన ఉన్న మనిషైనా, మీ అంత ఎత్తు ఉన్నవాళ్లందరి కళ్లనూ ఆ గీత తాకుతూ పోతుంది. ఒళ్లు చిన్నదవుతుంది, పాదాలు పైకి జరుగుతాయి, కళ్లు మాత్రం గీత మీదే. అదే చేలో మీరు కుర్చీ వేసుకుని కూర్చుంటే గీత నిలబడ్డవాళ్ల ఛాతీ దగ్గరికి దిగుతుంది. నేల మీద చతికిలబడితే తొడల దగ్గరికి. ఇప్పుడు గట్టెక్కండి. గట్టు చేని కన్నా పన్నెండు అడుగుల ఎత్తు, మీ కన్ను గట్టు నుంచి ఐదు అడుగులు అనుకుంటే, చేలోని ప్రతి చెట్టునూ ఆ గీత పదిహేడు అడుగుల ఎత్తున కోస్తుంది. ఊడ్పు వేస్తున్నవాళ్లు మొత్తం గీతకు చాలా కిందే ఉంటారు. గట్టు మీద నుంచి చూసిన చేలు వేసి, అందులో మనుషుల తలలు దిగంతానికి పైకి పెట్టేస్తే వాళ్లు రాక్షసులైపోతారు. బృందంలో ఎక్కువసార్లు పట్టుబడే తప్పు ఇది.

అభ్యాసం ఇలా చేయండి. ఒకే దృశ్యాన్ని మూడు ఎత్తుల నుంచి, అగ్గిపెట్టెంత గళ్లలో వేయండి: కూర్చుని, నిలబడి, గట్టెక్కి. మొదటి గీత దిగంతమే కావాలి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు మించకూడదు.

కాలవ రోడ్డు వెంట కరెంటు స్తంభాలు వేసేటప్పుడు వాటి మధ్య ఎడం ఎలా తగ్గుతుందన్నది అందరినీ తిప్పలు పెడుతుంది. కొలిచే ఉపాయం ఉంది. మొదటి స్తంభం వేయండి. దాని తల నుంచి, పాదం నుంచి దిగంతం మీది ఒకే బిందువుకు రెండు సన్న గీతలు లాగండి. వాటి నడుమ రెండో స్తంభం మీ కంటికి సరిపోయిన చోట పెట్టండి. రెండో స్తంభం నడిమికి చుక్క పెట్టి, మొదటి స్తంభం తల నుంచి ఆ చుక్క గుండా గీత లాగండి. అది నేల గీతను తాకిన చోటే మూడో స్తంభం పాదం. అలాగే నాలుగోది, ఐదోది. ఈ లెక్క వచ్చాక రాజమండ్రి ఒడ్డున కూర్చుని ఆర్చి వంతెన వేయండి. 28 ఆర్చీలూ వేయాల్సిన పని లేదు, ఆరు చాలు. ఆర్చీలు తర్వాత, ముందు నీళ్లలోని స్తంభాలు. స్తంభాల ఎడం కుదిరితే ఆర్చీలు వాటంతట అవే కూర్చుంటాయి. ముందు ఆర్చీలతో మొదలుపెడితే అన్నీ ఒకే వెడల్పున వచ్చి వంతెన కాగితానికి అతికించినట్టు ఉంటుంది.

నీళ్లలో నీడ గురించి రెండు మాటలు. కాలవ మీదికి కుడివైపు వాలిన కొబ్బరి చెట్టుకు నీళ్లలో బింబం కూడా కుడివైపే వాలుతుంది. బింబం కొస అసలు కొసకు సరిగ్గా నిట్టనిలువుగా కిందే ఉంటుంది. ఒడ్డు నుంచి వెనక్కి ఉన్న చెట్టు బింబం పూర్తిగా కనిపించదు, మొదలు భాగాన్ని గట్టు మింగేస్తుంది. నల్లగా ఉన్నవాటి బింబం కాస్త తేలిక, తెల్లగా ఉన్నవాటి బింబం కాస్త ముదురు. ఈ అభ్యాసాన్ని వేసవికి వాయిదా వేయకండి, మరమ్మతులకని కాలవలు కట్టేస్తే నీళ్లుండవు.

నాలుగో మెట్టు: కంటిని బుద్ధి నుంచి విడదీయడం

ఇది చిన్నదే, అయితే రోజూ ఉండాలి. ఒలిచిన కొబ్బరికాయనో మీ ఎడమచేతినో పెట్టుకుని, కాగితం వైపు చూడకుండా ఐదు నిమిషాలు అంచు వెంట నెమ్మదిగా గీయండి. బొమ్మ వికారంగానే వస్తుంది, రావాలి కూడా. బాగా వచ్చిందంటే దొంగచూపు చూశారన్నమాట.

మడత కుర్చీ వేసేటప్పుడు కుర్చీని వదిలేసి కర్రల మధ్య ఖాళీల ఆకారాలు మాత్రమే వేయండి. కొబ్బరి తలకు కూడా ఇదే మందు. కాపుకొచ్చిన చెట్టుకు ముప్ఫై దాకా మట్టలుంటాయి, ఒక్కో మట్టకూ వందల ఆకులు. ఆకు ఆకూ వేయబోతే చీపురు కట్ట తయారవుతుంది. ముందు ప్రతి మట్ట నడిమి వంపును ఒక్క గీతలో పెట్టండి, మీవైపు వచ్చే మట్టలు పొట్టిగా కనిపిస్తాయని మరవకండి. తర్వాత మట్టల సందుల్లో కనిపించే ఆకాశపు ముక్కల్ని వేయండి. ఆకులు కొసల్లో మాత్రమే, అదీ నాలుగైదు మట్టలకే విడివిడిగా చూపిస్తే చాలు. మిగతావి చూసేవాళ్ల కన్ను పూరించుకుంటుంది.

పెన్సిల్‌తో కొలవడం అందరికీ తెలిసిందే, తప్పు జరిగేది మోచేతి దగ్గర. చేయి పూర్తిగా చాచి, మోచేయి బిగించి, ఒక కన్ను మూయండి. పెన్సిల్ మీ ముఖానికి సమాంతరంగా ఉండాలి, వస్తువు వైపు వాలకూడదు. ఒక కొలతకు చేయి చాచి, రెండో కొలతకు మోచేయి వంగితే రెండూ పనికిరావు.

ఐదో మెట్టు: కదిలేవాళ్లు

సంత, బస్టాండు, పంటు ఎక్కే రేవు. ముప్ఫై సెకన్లవి పది, రెండు నిమిషాలవి ఐదు. తల కాదు, ముందు వెన్ను గీత. ఆ తర్వాత బరువు ఏ కాలి మీద ఉందో ఆ కాలు. నెత్తిన గంప పెట్టుకున్నవాళ్లకు మెడ గుంట నుంచి నిలువు గీత దించితే అది బరువు మోసే పాదం దగ్గర పడుతుంది. పడకపోతే బొమ్మలో మనిషి తూలుతున్నట్టే. వల విసిరేవాళ్లు, తెడ్డు వేసేవాళ్లు అదే కదలిక మళ్లీ మళ్లీ చేస్తారు. ఒక కాగితం మీద నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి, ఏ భంగిమ తిరిగి వస్తే ఆ బొమ్మకు నాలుగు గీతలు కలపండి. ముఖాలు వద్దు. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే కాగితం చూపించి అడగండి, వద్దంటే ఆపేయండి. మన ఊళ్లలో మామూలుగా జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది: "నన్నూ వెయ్యండి" అని ఎదురుగా బిగదీసుకుని నిలబడతారు. అప్పుడా భంగిమ దేనికీ పనికిరాదు, మర్యాదకి ఒకటి వేసి ఇచ్చేయడమే.

ఆరో మెట్టు: వెలుగు, నీడ

ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీద నుంచి పడి ఆకారాలను చదును చేసేస్తుంది. పాత మండువా లోగిలి అందుబాటులో ఉంటే అదృష్టం, నడుమ నుంచి ఒక్కచోటి వెలుగే దిగుతుంది. లేకపోతే ఒక్క కిటికీ తెరిచి మిగతావి మూసేయండి.

ముందు అయిదు గళ్ల పట్టీ చేసుకోండి: ఒకటోది వట్టి కాగితం, ఐదోది 6బీతో సాధ్యమైనంత నలుపు, నడుమ మూడు సమానమైన మెట్లు. మూడు, నాలుగు కలిసిపోవడం మామూలు, మళ్లీ చేయండి. సున్నం పూసిన మట్టికుండను కిటికీ పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూడండి. వివరాలు పోయి వెలుగు భాగం, నీడ భాగం రెండుగా విడిపోతాయి. ఆ రెండింటి సరిహద్దు గీసుకుని నీడ భాగమంతా ఒకే నాలుగో మెట్టుతో నింపండి. తర్వాతే లోపలి తేడాలు. నీడలో అన్నిటికన్నా తేలికైన చోటు కూడా వెలుగులో అన్నిటికన్నా ముదురు చోటు కంటే నల్లగా ఉండాలి. నేల మీద నుంచి ఎగిరి కుండ అడుగుకు తగిలే వెలుగు భలే ఆకర్షిస్తుంది, దాన్ని తెల్లగా వదిలేస్తే కుండ సొట్టపోతుంది. వేలితో రుద్దకండి, జిడ్డు అంటి మచ్చ పడితే రబ్బరుకీ పోదు.

కాపీ చేయడం గురించి

నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గీతను దిద్దుకోకుండా తెలుగునాట బొమ్మలు నేర్చుకున్నవాళ్లు తక్కువ. దిద్దుకోవడం మంచిదే. తక్కువ గీతలున్నాయి కాబట్టి తేలికని అనుకోవడంలోనే చిక్కుంది. ఆ ఒక్క గీత వెనక వదిలేసిన గీతలన్నీ తెలిసిన చేయి అది. కాపీ చేస్తే తలకిందులుగా పెట్టి చేయండి, అప్పుడు కన్ను ముఖాన్ని కాక వంపుల్ని చూస్తుంది. వెంటనే ఇంట్లోవాళ్లను అదే భంగిమలో నిలబెట్టి చూసి వేయండి. రెండూ పక్కపక్కన పెడితే ఏ గీత దేని గురించో బోధపడుతుంది. బృందానికి తెచ్చేది రెండోది.

వారానికోసారి: విమర్శ ఎలా జరపాలి

నలుగురి నుంచి ఆరుగురు. మనిషికి పది నిమిషాల చొప్పున ఆరుగురికి గంట పడుతుంది, ఏడో మనిషి వస్తే ఎవరో ఒకరి బొమ్మ హడావుడిగా తేలిపోతుంది. ఆదివారం పొద్దున్న, బడి వరండా గానీ గ్రంథాలయం గానీ. రోడ్డు పక్క చోటైతే దారినపోయేవాళ్లు ఆగి తలో మాటా అంటారు, ఆ మాటలు వినసొంపుగా ఉన్నా పనిని చెడగొడతాయి.

తాడు కట్టి బట్టల క్లిప్పులతో బొమ్మలన్నీ కంటి ఎత్తున తగిలించండి. పేర్లు కనిపించకూడదు, మూలనున్న ప్రశ్న కనిపించాలి. ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడాలి. చేతిలో పట్టుకుని చూస్తే గీత నాణ్యం కనిపిస్తుంది, కొలతల తప్పు దూరం నుంచే కనిపిస్తుంది.

తర్వాత ఒక్కో బొమ్మ. వేసినవాళ్లు తమ ప్రశ్న చదివి ఊరుకోవాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమం. "అక్కడ నిజంగానే అలా ఉందండీ" అనబుద్ధవుతుంది. చూసేవాళ్ల ఎదుట ఉన్నది కాగితమే, రేవు కాదు. అలా కనిపించలేదంటే అది బొమ్మ గురించిన సమాచారం, మీ మీద నేరారోపణ కాదు.

మిగతావాళ్లలో అందరికన్నా కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి, డ్రాయింగు మాస్టారో వయసులో పెద్దవారో చివర. మాస్టారు నోరు విప్పాక మన దగ్గర ఇంకెవరూ విప్పరు. ఒక్కొక్కరు మూడు విషయాలే చెప్పాలి. మొదట కన్ను ఎక్కడికి వెళ్లింది, ఆ తర్వాత ఎటు జరిగింది. రెండోది, ప్రశ్నకు జవాబు: అవును లేదా కాదు, ఏ చోటు చూసి అలా అంటున్నారో వేలు పెట్టి చూపించాలి. మూడోది, ఒకే ఒక్క మార్పు.

"బాగుంది", "బాగాలేదు" రెండూ నిషేధం. మర్యాద వదులుకోమని కాదు. "మాస్టారూ, బిందె మూతి నిండుగా వచ్చిందండీ. అడుగు మాత్రం బల్లపరుపుగా ఉంది, నాకు రెండు ఎత్తుల నుంచి చూసినట్టు అనిపిస్తోంది" అని పదో తరగతి పిల్ల అనొచ్చు. "అక్కా, ఈ పడవవాడి చేతులు తెడ్డు తోస్తున్నాయి గానీ వెన్ను నిటారుగా ఉంది, బలం ఎక్కణ్నుంచి వస్తోంది?" అని అడగొచ్చు. "నీకింకా చేయి తిరగలేదురా" అన్నదాంట్లో మాత్రం వాడు సోమవారం పొద్దున్న సరిచేసుకోగలిగింది ఒక్కటీ లేదు.

తప్పులు చెప్పడానికో వరస ఉంది: కాగితంలో అమరిక, కొలతలు, కంటి మట్టం, వెలుగునీడలు, ఆఖరున గీత. చెట్టు వంతెన కన్నా పొడుగ్గా వచ్చేసిన బొమ్మలో ఆకుల షేడింగు గురించి పది నిమిషాలు మాట్లాడటం వృథా. ముఖం ఉన్న బొమ్మ వస్తే అందరూ ముఖం మీదే పడతారు, ప్రశ్న దాని గురించి కాకపోతే బృందంలో ఎవరో ఒకరు ఆపాలి. వంతులవారీగా ఒకరు గడియారం పట్టుకుని ఈ పని చూసుకోండి.

ఇంకొకరి కాగితం మీద పెన్సిల్ పెట్టకూడదు. దిద్దడం తప్పనిసరైతే పైన బటర్ పేపర్ పరిచి దాని మీద చూపించాలి. అసలు బొమ్మ మీద దిద్దితే రెండు నష్టాలు: తప్పు చెరిగిపోయి వచ్చే వారం పోల్చుకోవడానికి మిగలదు, దిద్దించుకున్నవాళ్లు ఆ గీత తమదే అనుకుంటారు.

చివర వేసినవాళ్లకు ఒక్క నిమిషం. విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి, సంజాయిషీ ఇవ్వకూడదు. కాగితం వెనక తేదీ వేసి ఒకే ఒక్క దిద్దుబాటు రాసుకోవాలి. ఐదుగురు ఐదు చెబితే ఇద్దరైనా ఒకే చోటు చూపించినది తీసుకోండి. ఎవరి మాటా ఎవరితోనూ కలవకపోతే ప్రశ్నే సరిగా లేదు, దాన్ని తిరగరాయండి.

బృందాలు పాడయ్యే దారి ఇంచుమించు ఒకటే. నెల తిరిగేసరికి ప్రతివాళ్లూ ఇంట్లో పది వేసి అందులో మంచిది తేవడం మొదలుపెడతారు, విమర్శ ప్రదర్శనైపోతుంది. మందు: ఆ వారం ఇచ్చిన అభ్యాసానికి వేసిన మొదటి కాగితం, ఆఖరి కాగితం రెండూ తేవాలి, ఎలా ఉన్నా.

మళ్లీ అదే బొమ్మ

విమర్శ విన్నాక కొత్త బొమ్మకు వెళ్లకండి. అదే బిందె, అదే చోటు, అదే వెలుగు వేళ, రాసుకున్న ఒక్క మార్పు మనసులో పెట్టుకుని మళ్లీ వేయండి. పాతదాన్ని చూస్తూ కాదు, వస్తువును చూస్తూ. వచ్చే ఆదివారం పాతదీ కొత్తదీ పక్కపక్కన తగిలించండి. ఇలా ఒక వస్తువుకు మూడు కాగితాలు చాలు. మూడోదానికీ అదే తప్పు మిగిలితే కిందిమెట్టుకు దిగండి. బిందె అడుగు కుదరకపోతే వారంపాటు వట్టి ఎలిప్స్‌లే.

రాజమండ్రి వెళ్లే వీలుంటే దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక పూట గడపండి. 1897లో పుట్టి 1925లో పోయిన ఆ చిత్రకారుడు ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకున్నాడు. గోడ వెంట నడుస్తూ అన్నీ చూసేయకండి. ఒక్క బొమ్మ ఎంచుకుని, లోపల గీసుకోవచ్చా అని ముందే అడిగి, రెండంగుళాల గడిలో మూడే మెట్లతో (తెలుపు, నడిమి, నలుపు) దాని అమరిక తీసుకోండి. పదిహేను నిమిషాల పని. అందరూ ఒకే బొమ్మ తీసుకుని ఆదివారం పక్కపక్కన పెడితే, నడిమి మెట్టు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద వాదన రావడం ఖాయం. వాదించుకోండి.

ఎవరైనా రాలేకపోతే ఫోనులో ఫొటో పంపుతారు. కాగితాన్ని గోడకు తగిలించి, నీడలో, ఫోనును కాగితానికి సమాంతరంగా పట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయమనండి. దగ్గర నుంచి పై కోణంలో తీస్తే కాగితం కింది భాగం సన్నబడుతుంది, అప్పుడు బృందం దిద్దేది ఫొటో తప్పులనే.

పరీక్షల కాలం, వరికోతలు, పెళ్లిళ్లు వస్తే బృందం ఇద్దరికి పడిపోతుంది. ఆపేయకండి. ఇద్దరే ఉన్నప్పుడు ఒకే వస్తువును ఎదురెదురుగా కూర్చుని వేయండి, తర్వాత చోట్లు మారి ఒకరి కాగితాన్ని ఒకరు వాళ్లు కూర్చున్న చోటి నుంచే సరిచూడండి. ఒక్కరే మిగిలితే బొమ్మను అద్దంలో చూసుకోండి, ఎడమ కుడి మారేసరికి వాలిపోయిన బిందె వెంటనే పట్టుబడుతుంది.